తగ్గని నీళ్లు

ఫిబ్రవరి 2

పళ్ల డాక్టరు క్లినిక్ మూసేస్తున్నారు. ఆయనకు చాలా ఏళ్లుగా పళ్లసెట్లు చేసి ఇస్తున్నాను. వెయిటింగ్ రూములో ఉన్న గాజు తొట్టిని తీసుకెళ్లమన్నారు. నలభై లీటర్లది. చేపలు ఎప్పుడో పోయాయి, అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు. టాక్సీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ముందుగదిలో టీవీ ఉండే చోట పెట్టాను. ఆ టీవీని, దాని బల్లను మా ఆయన ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లారు. నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. తొట్టి కింద వేసిన బల్ల ఆ గుర్తులను కప్పేసింది.

"ఆయన" అని రాయడం మానాలి. పోయిన నెల కోర్టు నుంచి విడాకుల కాగితం వచ్చింది. ఇప్పుడు ఆయన నాకేమీ కారు. పేరు రాయబుద్ధి కాదు. ఇకమీదట ఈ డైరీలో "మామయ్య కొడుకు".

మామయ్య మాత్రం మామయ్యే. కొడుకు సామాను సర్దుకుని వెళ్తున్న రోజు కుర్చీలోంచి లేవలేదు. "సామానంతా పట్టుకెళ్లరా. నేను సామాను కాదు" అన్నారు. అంతే. ఎందుకు ఉండిపోయారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఫిబ్రవరి 3

తొట్టి కారడం లేదు.

ఫిబ్రవరి 6

చేపల షాపుకు వెళ్లాను. నడిపేది ఒకావిడ, సుమారు నా వయసు. ఉప్పునీళ్ల తొట్టి పెడతాను, పగడాలు పెంచుతాను అంటే నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మొదటిసారా? మంచినీళ్ల చేపలు పెట్టుకోండి మేడమ్. అవి మనం మర్చిపోయినా బతుకుతాయి. ఇది అలా కాదు, అత్తగారిని ఇంట్లో పెట్టుకున్నట్టు. అన్నీ సమయానికి జరగాలి."

"అత్తగారు లేరు. మామగారున్నారు."

"అయితే ప్రాక్టీసు ఉందన్నమాట" అంది.

సముద్రపు ఉప్పు, దీపం, నీటిని తిప్పే చిన్న మోటారు, ఉప్పు కొలిచే గొట్టం కొన్నాను. ఆ గొట్టం చివర గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే గీత కనిపిస్తుంది. ముప్పై అయిదు దగ్గర నిలవాలి, అంటే లీటరుకు అన్ని గ్రాముల ఉప్పు. పొడినీ నీళ్లనీ తూచి కలపడం నాకు కొత్త కాదు, ప్లాస్టర్ ముద్ద రోజూ కలుపుతాను.

వంటింట్లో బకెట్ పెట్టి ఫిల్టర్ నీళ్లలో ఉప్పు కలుపుతుంటే మామయ్య వచ్చి నిలబడ్డారు. ఓడల్లో ఇంజన్ రూములో పనిచేసిన మనిషి. సముద్రపు నీటిని కాచి, ఆవిరి పట్టి తాగేనీళ్లు చేసే యంత్రం ఆయన చేతి కింద ఉండేది.

"ముప్పై ఏళ్లు సముద్రంలోంచి ఉప్పు తీసి జనానికి తాగడానికిచ్చాను. మా కోడలు తాగే నీళ్లు తెచ్చి ఉప్పు కలుపుతోంది. ఇది కూడా చూశాను, ఇక చాలు."

నవ్వాను. ఆయన ఊరుకోలేదు. కలిపే కర్ర నా చేతిలోంచి తీసుకుని, ఇలా కాదు అలా, ఒకేసారి కాదు కొంచెం కొంచెం అని మొదలుపెట్టారు.

"మామయ్యా, ఈ ఒక్కటైనా నన్ను చేసుకోనివ్వండి. ఇందులో ఎవరూ వేలు పెట్టొద్దు."

గట్టిగానే అన్నాను. కర్ర గోడకు ఆనించి వెళ్లిపోయారు.

అది ఆయనతో అనాల్సిన మాట కాదు. ఆయన కొడుకుతో అనాల్సింది, ఎన్నో ఏళ్ల కిందట.

ఫిబ్రవరి 10

రాళ్లు వచ్చాయి. బతికున్న రాళ్లంటారు. చూడ్డానికి మామూలు గుల్లరాళ్లే, లోపల కంటికి కనిపించని జీవాలుంటాయట. నీళ్లలోని మురుగును తినేవి అవే. అవి కుదురుకునేదాకా ఏ ప్రాణీ వేయకూడదు. ఇల్లంతా నీచు వాసన.

మురుగు ఎంతుందో చూసే అమ్మోనియా పరీక్ష చేశాను. గాజు సీసాలో చుక్కలు వేస్తే ముదురు ఆకుపచ్చ. పసుపుపచ్చకు రావాలి. రంగులు పోల్చడంలో నాకు తిరుగులేదు. పంటి తెలుపులో పదహారు రకాలు విడదీస్తాను.

మామయ్య: "చేపలేవి?"

"ఇంకా లేవు."

"చేపల తొట్టి అన్నావుగా."

ఫిబ్రవరి 13

ఆకుపచ్చే.

ఫిబ్రవరి 17

మామయ్య కొడుకు ఫోన్ చేశాడు. కొత్త ఇంట్లో కింది గది సిద్ధం చేశాడట. మెట్లు ఎక్కే పని లేదు, ఆస్పత్రి దగ్గర.

"నాన్నను నేను తీసుకెళ్తాను. ఎన్నాళ్లని నీ దగ్గరుంటాడు? ఏ వరసన ఉంటాడు? చట్టప్రకారం చూసినా ఆయన నీకేమీ కాడు కదా."

తిట్టినట్టు అనలేదు. మామూలుగా, లెక్క చెప్పినట్టు అన్నాడు. నిర్ణయం ఆయనదే అన్నాను. నేను అడ్డు చెప్పనన్నాను.

నిజమే, అడ్డు చెప్పను. నాకేం ఇబ్బంది లేదు. వరండాలో పని చేసుకుంటున్నాను, పళ్లసెట్లు నునుపు చేసే మెషిన్ పెట్టాక కాళ్లు చాపే చోటు లేదు. మామయ్య గదికి తూర్పు కిటికీ ఉంది, వెలుతురు బాగా వస్తుంది. అక్కడ పనిబల్ల వేసుకోవచ్చు.

ఫిబ్రవరి 20

తొట్టి నీళ్లు తగ్గడం లేదు. షాపావిడ రోజూ ఆవిరవుతాయి, తగ్గినంత పోస్తూ ఉండండి అంది. తగ్గితే పోద్దామని ఉప్పునీళ్లు కలిపి బకెట్‌లో మూతపెట్టి ఉంచాను. ఆరుతున్న ముద్దలో వట్టి నీళ్లు పోస్తే అది పాడవుతుంది, మా పనిలో మొదట నేర్పేది అదే. ఈ సంగతి మామయ్యకు కూడా చెప్పాను. ఆయన బకెట్ వైపు, నా వైపు చూశారు. ఏదో అనబోయి దగ్గారు.

ఒక్క మగ్గు వాడింది లేదు. గాజు మూత బాగా పట్టి ఉంటుంది.

మార్చి 1

పసుపుపచ్చ. వరుసగా మూడు రోజులు చూశాను. షాపావిడ నత్తలకు ఒప్పుకుంది. మూడు నత్తలు, గోలీకాయలంత. గాజు మీద పాకుతుంటే నోళ్లు కనిపిస్తున్నాయి.

మామయ్య కుర్చీ తొట్టి ఎదురుగా జరుపుకున్నారు. "చేపల తొట్టి అంది, నత్తల తొట్టి అయింది" అన్నారు. తర్వాత జేబులోంచి ఒకటి తీసి ఇచ్చారు. థర్మామీటరు తగిలించుకోవడానికి కొక్కెం. రాగి తీగ వంచి చేశారు, గాజు అంచుకు సరిగ్గా పట్టింది. కొసన చిన్న చుట్ట. ఎక్కడా గీటు లేదు, అద్దంలా ఉంది. పొద్దున్నంతా గదిలో ఇదే చేస్తున్నట్టున్నారు.

"వేలు పెట్టలేదమ్మాయ్. బయటి నుంచి ఇచ్చాను."

తగిలించాను. కొస నీళ్లలో మునిగింది.

మార్చి 4

మూడు నత్తలూ వెల్లకిలా పడి ఉన్నాయి.

షాపుకు నీళ్లు పట్టుకెళ్లాను. ఉప్పు సరిగ్గా ఉంది, అమ్మోనియా లేదు. షాపావిడ ప్రశ్నలు వేస్తూ పోయింది. చేప మందు వేశారా? సబ్బు చేతులా? రాగి తగిలిందా?

"రాగా?"

"నత్తకు, పగడానికి రాగిని మించిన విషం లేదు మేడమ్. తీగ ముక్క చాలు."

రాగిని పీల్చే సంచి ఇచ్చింది. ఇంటికి వచ్చాను. మామయ్య నిద్రపోతున్నారు. కొక్కెం తీసేశాను, సగం నీళ్లు మార్చాను. పళ్లసెట్టు చేసే గులాబీ రంగు అక్రిలిక్‌తో అదే ఆకారంలో వేరే కొక్కెం పోసి తగిలించాను. చుట్ట అంత బాగా రాలేదు.

ఆయన లేచాక నత్తలేవన్నారు. ప్రయాణం పడలేదట అన్నాను. కొక్కెం వైపు చూశారు.

"ఇదేంటి, చిగుళ్లలా ఉంది?"

"రంగు బాగుందని మార్చాను."

"బాగుంది" అన్నారు.

రాగి కొక్కెం నా పనిబల్ల సొరుగులో ఉంది. పారేయలేదు.

మార్చి 12

రాళ్ల మీద, ఇసుక మీద గోధుమరంగు పొడి. కొత్త తొట్టిలో మామూలేనట. కొత్త నత్తలు నాలుగు, అన్నీ తింటున్నాయి, అన్నీ తిరుగుతున్నాయి. ఉప్పు ముప్పై అయిదు. నీళ్లు తగ్గలేదు. షాపావిడకు చెబితే నమ్మలేదు. "మీ ఇంట్లో గాలి ఆడదా?" అంది.

నా హస్తవాసి అనుకుంటున్నాను. కొందరి చేతిలో ముద్ద ఎప్పుడూ సరిగ్గా కుదురుతుంది.

మార్చి 16

మొదటి పగడం. కోటు బొత్తామంత ఉంది, ఆకుపచ్చ, అంచు ముడతలు. షాపులో పుట్టగొడుగు అంటారు. రాయి మీద అంటించి పెట్టగానే ముడుచుకుంది. సాయంత్రానికి విప్పుకుంది. మామయ్య నన్ను వరండాలోంచి కేకేసి పిలిచారు. నేను వెళ్లేసరికి కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. ఇద్దరం చాలాసేపు చూశాం. ఏమీ జరగలేదు. బాగుంది.

మార్చి 20

మామయ్య కొడుకు వచ్చాడు. లోపలికి రాగానే టీవీ ఉండే వైపు చూసి ఆగాడు.

"ఇదేంటి?"

"సముద్రం" అన్నారు మామయ్య.

అతను గది ఫోటోలు ఫోన్‌లో చూపించాడు. మంచం, బీరువా, బాత్‌రూములో పట్టుకునే కడ్డీ. ఇప్పుడు అతనితో ఉంటున్న ఆమె దగ్గరుండి సర్దిందట. బాగానే సర్దింది, అబద్ధం ఎందుకు? మామయ్య ఒక్కో ఫోటో చూసి నా వైపు చూశారు. నేను తొట్టి మూత తుడుస్తున్నాను.

"ఏమంటావమ్మాయ్?"

"మీ ఇష్టం మామయ్యా. నాదేముంది?"

మామయ్య ఫోన్ కొడుక్కి తిరిగి ఇచ్చేశారు.

"సరే. పది రోజులు ఉండి చూస్తాను. బాగుంటే అక్కడే. మిగతా సామాను తర్వాత తెప్పించుకుంటాను" అన్నారు.

మంచి నిర్ణయం. ఆ కడ్డీ సంగతి నాకు తట్టలేదు, తట్టి ఉండాల్సింది. ఆయన వయసుకు అక్కడే సుఖం.

మార్చి 23

మామయ్య వెళ్లారు. పొద్దున నేను లేచేసరికే తయారై తొట్టి దగ్గర నిలబడి ఉన్నారు. కారు ఎక్కుతూ, "అమ్మాయ్, నీళ్లు చూసుకుంటూ ఉండు" అన్నారు. మందులు తీసుకున్నారా అని అడిగాను. వేరే ఏదో అడుగుదామనుకున్నాను.

మార్చి 24

మెషిన్ ఆయన గదిలోకి చేర్చాను.

మార్చి 25

మెషిన్ మళ్లీ వరండాలోకి తెచ్చాను. ఆ గదిలో వెలుతురు చాలదు.

తొట్టి నీళ్లు తగ్గాయి. మొదటిసారి. రెండు రోజుల్లో వేలెడు. బకెట్‌లోంచి పోశాను.

మార్చి 26

మళ్లీ తగ్గాయి. పోశాను. ఎండలు ముదిరినట్టున్నాయి.

మార్చి 27

పోశాను. బకెట్ అయిపోయింది, ఇంకో బకెట్ కలిపాను.

మార్చి 28

మామయ్య ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. కుదురుకోనివ్వాలి. పగడం పూర్తిగా విప్పుకోలేదు. కాఫీకి రెండు కప్పుల నీళ్లు పెట్టాను, అలవాటు.

మార్చి 30

పగడం ముడుచుకుని గుండీలా గట్టిగా ఉంది. రెండు నత్తలు గాజు వదిలి ఇసుకలో పడి గుల్ల తలుపు మూసుకున్నాయి. ఉప్పు కొలిస్తే ముప్పై తొమ్మిది. మూడుసార్లు కొలిచాను. గాజు తుడిచి మళ్లీ కొలిచాను. ముప్పై తొమ్మిది.

షాపావిడ విని తల పట్టుకుంది.

"తగ్గిన నీళ్లకు ఏం పోస్తున్నారు?"

"ఉప్పునీళ్లే. ఉప్పునీళ్ల తొట్టి కదా."

"మేడమ్! తడి చొక్కా ఆరేస్తే చెమట మరక పోతుందా? నీళ్లే పోతాయి, మరక ఉంటుంది. ఉప్పు ఎక్కడికీ పోదు. మీరు రోజూ ఉప్పు పెంచుతున్నారు. మంచినీళ్లు పోయాలి, వట్టి మంచినీళ్లు." తర్వాత ఆగి, "మరి ఇన్ని వారాలు ముప్పై అయిదు ఎలా నిలిచింది? ఎవరు పోశారు?" అంది.

ఎవరూ పోయలేదన్నాను. నేను ఒక్కదాన్నే చూస్తున్నానన్నాను.

దారంతా అదే ప్రశ్న. మూత అదే, గది అదే, ఎండ పెద్దగా మారలేదు. మారింది ఒకటే.

ఇంటికి వచ్చి బల్లను గోడ నుంచి ఇవతలికి లాగాను. తొట్టి వెనక గాజుకు, నాకు ఎప్పుడూ కనిపించని వైపున, తెల్ల టేపు ముక్క అంటించి ఉంది. మీద పెన్నుతో అడ్డగీత. గీత రూళ్లకర్ర పెట్టి గీసినంత తిన్నగా ఉంది. బల్ల వెనక నీలం మగ్గు. నా మగ్గుకు అంచు నిండా తెల్లటి ఉప్పు పేరుకుంది. ఈ మగ్గుకు ఉప్పు జాడే లేదు. నాలుకతో కూడా చూశాను.

ప్రతి పొద్దునా, నేను లేవకముందు. నత్తలు రాకముందు నుంచీ. బకెట్ చూసిన రోజుకన్నా ముందు నుంచే అయి ఉంటుంది, అప్పటికీ నీళ్లు తగ్గలేదు. వేలు పెట్టొద్దన్నాను కాబట్టి నోరు విప్పలేదు.

హస్తవాసి అని రాసుకున్నాను. పైన ఉంది, కొట్టేయను.

ఫోన్ చేశాను. మామయ్య కొడుకు ఎత్తాడు, ఏమీ అడగకుండా ఆయనకిచ్చాడు.

"మామయ్యా, ముప్పై తొమ్మిది ఉంది."

"అబ్బా. నత్తలు?"

"రెండు మూసుకున్నాయి. చావలేదు."

"కంగారు పడకు. ఒక్కసారిగా దించావంటే అది ఇంకా ప్రమాదం. తొట్టిలోంచి ఒక మగ్గు తీసి, ఒక మగ్గు మంచినీళ్లు పోయాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అలా మెల్లగా."

"మీరు నాకు చెప్పొచ్చు కదా."

"వేలు పెట్టొద్దన్నావుగా."

"మగ్గు పెట్టారుగా!"

నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు మాత్రం చెప్పావా? నా కొక్కెం నత్తల్ని చంపిందని? చిగుళ్ల రంగు చూసిన రోజే తెలిసింది నాకు. ఓడలో గొట్టాలన్నీ రాగివే అమ్మాయ్, నా చేతికి రాగే అలవాటు. ప్రయాణం పడలేదని చెప్పావు చూడు, అప్పుడనుకున్నాను, సరే, ఈ మాటు చెప్పకుండా ఊరుకోవడం నా వంతు అని" అన్నారు.

అక్కడ ఎలా ఉందన్నాను.

"బాగుంది. అన్నీ ఉన్నాయి. కడ్డీ కూడా ఉంది. పొద్దున్నే మెలకువ వస్తుంది. లేచి చూస్తే చేయాల్సిన పని ఒక్కటీ లేదు. మళ్లీ పడుకుంటాను." ఆగారు. "పగడం ఎలా ఉంది?"

"ముడుచుకుంది. రోజుకు ఎంత పోసేవారు?"

"ఎంత అని ఎలా చెప్పను? గీత చూసి పోయాలి."

"నాకు గీత కనిపించదు. బల్ల లాగాలి. మీరే వచ్చి పోయండి."

అటువైపు టీవీ శబ్దం వినిపించింది. మా పాత టీవీయే అయి ఉంటుంది.

"నిజంగా అంటున్నావా అమ్మాయ్, నీళ్ల కోసం అంటున్నావా?"

"రెండూ" అన్నాను. తర్వాత, "నీళ్లు నేను నేర్చుకుంటాను మామయ్యా. నీళ్లు లేకపోయినా రండి" అన్నాను.

మార్చి 31

ముప్పై ఎనిమిది. బాత్‌రూముకు కడ్డీ బిగించడానికి మేస్త్రీని పిలిచాను. రేపు వస్తానన్నాడు.

ఏప్రిల్ 1

మేస్త్రీ రాలేదు.

ఏప్రిల్ 2

మేస్త్రీ వచ్చి కడ్డీ బిగించి వెళ్లాడు. వేలాడి చూశాను, ఊడలేదు. ముప్పై ఏడు.

నత్తలు రెండూ తలుపులు తెరిచాయి. ఒకటి గాజు ఎక్కింది, రెండోది ఆలోచిస్తోంది.

నాలుగింటికి కారు ఆగింది. మామయ్య కొడుకు సూట్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు.

"అక్కడ ఏ లోటూ చేయలేదు" అన్నాడు.

"తెలుసు. ఫోటోలు చూశాను. మంచి గది."

"నాకర్థం కాదు. ఇప్పుడు ఏ వరసన ఈయన ఇక్కడుంటాడు? రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతావు?"

ఫిబ్రవరి నుంచి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పుడూ లేదు. నోరు తెరిచాను. లోపల బల్ల జరిపిన చప్పుడైంది. మామయ్య అప్పటికే తొట్టి వెనక వంగి ఉన్నారు.

"వరస తర్వాత వెతుక్కుందాం గానీ, అమ్మాయ్, నా మగ్గు ఎక్కడ పెట్టావు?"

"తీసి కడిగాను. వంటింట్లో ఉంది."

"సబ్బు పెట్టి కడిగావా?"

"లేదు మామయ్యా."

"బతికించావు." వీపు నిటారు చేసుకుని కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, వస్తే లోపలికి రా, లేకపోతే తలుపు దగ్గరగా వేసి వెళ్లు. దుమ్ము పడుతుంది."

అతను లోపలికి వచ్చాడు. కాఫీ తాగాడు. పగడం చూపిస్తే, ఇది మొక్కా, రాయా అని అడిగాడు. జంతువు అన్నాను. కాసేపు చూసి వెళ్లాడు. ఆదివారాలు వస్తానని తండ్రితో అన్నాడు. నేను తల ఊపాను. నాకిబ్బంది లేదు. ఈసారి నిజంగానే లేదు.

రాగి కొక్కెం సొరుగులోంచి తీసి మామయ్య మంచం పక్కన గోడకు కొట్టాను. దానికి ఆయన కళ్లజోడు సరిగ్గా వేలాడుతుంది. కళ్లజోడు తగిలించి, తీసి, మళ్లీ తగిలించి చూశారు.

ఏప్రిల్ 8

ముప్పై అయిదు. పగడం పూర్తిగా విప్పుకుంది. పక్కన రాయి మీద ఆవగింజంత ఆకుపచ్చ చుక్క ఒకటి కొత్తగా కనిపిస్తోంది. షాపావిడకు ఫోటో పంపాను. పగడం పిల్ల అంది. చేపకు కూడా ఒప్పుకుంది. ఒకటే, చిన్నది. శనివారం ఇద్దరం వెళ్తున్నాం. మామయ్య ఇప్పటినుంచే ఏ రంగుది కొనాలో నాతో బేరం పెట్టారు.

పొద్దున ఏడింటికి లేచాను. బల్ల కొంచెం ఇవతలికి జరిపి ఉంచుకున్నాను కాబట్టి ఇప్పుడు టేపు నాకూ కనిపిస్తుంది. నీళ్లు గీత మీద ఉన్నాయి. నేను పోయలేదు.